గ్రాఫీన్ పేరు చెప్పి పసిపిల్లల టీకా ఆపించకండి

ఈ నెలలో ఇది నాలుగోసారి. మొదట క్లాస్‌మేట్స్ గ్రూప్‌లో వచ్చింది, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో, మొన్న మా పెద్దనాన్న ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టారు, నిన్న రాత్రి మా పిన్ని కూతురు అదే మెసేజ్ పంపి "అన్నయ్యా, ఇది నిజమేనా?" అని అడిగింది. అందులో ఉన్నది ఇదీ: కోవిడ్ టీకాలో 99 శాతం గ్రాఫీన్ ఆక్సైడ్ ఉంది, అది అయస్కాంతం, 5జీ సిగ్నల్ పట్టుకుంటుంది, పెన్సిల్ ముల్లులో ఉండే పదార్థాన్నే విషంగా ఎక్కిస్తున్నారు, ఇప్పుడు పసిపిల్లల టీకాల్లోనూ కలుపుతున్నారు.

5జీ సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. మన దేశంలో కోవిడ్ టీకాలు మొదలైంది 2021 జనవరి 16న, 5జీ వచ్చింది 2022 అక్టోబర్‌లో. లేని సిగ్నల్‌ను ఏం పట్టుకుంటుంది?

అయస్కాంతం గొడవా అంతే. భుజానికి చెంచా అతుక్కునేది చర్మం మీది చెమట, జిడ్డు వల్ల. పౌడర్ రాసి మళ్లీ పెట్టి చూడండి, జారిపోతుంది. పెన్సిల్‌లో ఉండే గ్రాఫైట్‌ను అయస్కాంతం లాగదు, నిజానికి చాలా కొద్దిగా దూరం నెడుతుంది.

ఇక పెన్సిల్. గ్రాఫీన్ అంటే కార్బన్ పరమాణువులు తేనెపట్టు గదుల్లా ఆరు మూలలతో అల్లుకున్న ఒకే ఒక్క పొర. ప్రతి పరమాణువూ పక్కనున్న మూడింటిని గట్టిగా పట్టుకుంటుంది, మిగిలిన నాలుగో ఎలక్ట్రాన్ పొరంతా తిరుగుతుంది, అందుకే కరెంటు బాగా పారుతుంది. ఇలాంటి పొరలు దొంతరగా పేరిస్తే గ్రాఫైట్. మిల్లీమీటరు మందంలో దాదాపు 30 లక్షల పొరలుంటాయి. పొరల మధ్య పట్టు బలహీనం కాబట్టే పెన్సిల్‌తో గీస్తే ఊడి కాగితానికి అంటుకుంటాయి. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో గైమ్, నోవోసెలోవ్ అనే శాస్త్రవేత్తలు 2004లో సెలోటేప్‌తో ఆ పొరల్ని ఒలిచి ఒలిచి ఒక్కదాన్ని విడదీశారు, 2010లో నోబెల్ వచ్చింది.

గ్రాఫీన్ ఆక్సైడ్ వేరు. గ్రాఫైట్‌ను గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్, పొటాషియం పర్మాంగనేట్‌లతో కలిపి చేస్తారు. ఆక్సిజన్ వచ్చి అక్కడక్కడా కార్బన్‌కు అతుక్కుంటుంది, తిరిగే ఎలక్ట్రాన్ల దారి తెగిపోతుంది, కరెంటు దాదాపు పారదు. అంటే ఈ మెసేజ్ గ్రాఫీన్ గుణాన్ని తీసుకొచ్చి ఆక్సైడ్‌కు అంటగట్టి భయపెడుతోంది. సోడియం నీళ్లలో పడితే భగ్గుమంటుంది, క్లోరిన్ విషవాయువు, రెండూ కలిస్తే మనం రోజూ పప్పులో వేసుకునే ఉప్పు. పేరు చూసి పదార్థాన్ని తేల్చేస్తే ఉప్పు కూడా మానేయాలి మరి.

99 శాతం అన్నవాళ్లు గ్రాఫీన్ ఆక్సైడ్‌ను కళ్లతో చూసి ఉండరు. మిల్లీలీటరు నీటిలో కొన్ని మిల్లీగ్రాములు కలిపితేనే ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. 99 శాతమైతే అది ద్రవమే కాదు, సూదిలోకి ఎక్కదు. ఈ ప్రచారానికి ఊతమిచ్చింది 2021లో స్పెయిన్‌లో ఒకే ఒక్క ఫైజర్ సీసా మీద రాసిన రిపోర్ట్. ఆ రచయిత పనిచేసే అల్మేరియా విశ్వవిద్యాలయమే దాన్ని తాము సమర్థించడం లేదని చెప్పింది. పైగా ఇక్కడ మనలో ఎక్కువమంది వేయించుకున్నది కోవిషీల్డ్, కోవాగ్జిన్.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. గ్రాఫీన్ గురించి అసలు భయమే అక్కర్లేదని నేను చెప్పను. 2021 ఏప్రిల్‌లో కెనడా ఆరోగ్యశాఖ గ్రాఫీన్ పూసిన మాస్కులు వాడొద్దంది, ఆ రేణువులు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదమేమోనని. పరీక్షించాక కొన్ని రకాలను మళ్లీ అనుమతించింది. అనుమానం వస్తే చేయాల్సింది అదీ, పరీక్ష. మందును మోసుకెళ్లడానికి గ్రాఫీన్ ఆక్సైడ్ పనికొస్తుందా అని పరిశోధనలు జరుగుతున్న మాట కూడా నిజమే. కానీ పరిశోధన జరగడం వేరు, మన టీకాలో ఉండటం వేరు.

నాకు ఒళ్లు మండింది ఆ మెసేజ్‌లోని ఆఖరి ముక్కకి, పసిపిల్లల టీకాల్లోనూ కలుపుతున్నారన్నదానికి. నిన్న రాత్రి అడిగిన ఆ చెల్లెలి పాపకు తొమ్మిది నెలలు నిండాయి. తట్టు, రుబెల్లా టీకా వేయించాల్సిన వయసు. ఈ మెసేజ్ చూసి రెండు వారాలుగా ఆశా కార్యకర్త ఇంటికొస్తే "పాపకు జలుబు" అని చెప్పి పంపేస్తోందట. ఆ టీకాలో ఉండేవి బలహీనపరిచిన రెండు వైరస్‌లు, అవి పాడవకుండా జెలటిన్, సార్బిటాల్ లాంటివి. సీసాలో ఎండిన పొడిగా ఉంటుంది, అప్పటికప్పుడు నీళ్లు కలుపుతారు, నాలుగు గంటల్లో వాడకపోతే పారేస్తారు. తట్టు మాత్రం అలా కాదు. రక్షణ లేని పదిమంది దగ్గర ఒక్క రోగి ఉంటే తొమ్మిదిమందికి అంటుకోగలదు. న్యుమోనియా రావచ్చు, మెదడు వాపు రావచ్చు, కళ్లు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. లేని గ్రాఫీన్‌కు భయపడి ఉన్న జబ్బుకు పసిదాన్ని అప్పగిస్తారా?

రాత్రి గంటసేపు మాట్లాడాక బుధవారం తీసుకెళ్తానంది. పెద్దనాన్నా, మీ మీద కోపం లేదు, మంచిదనుకునే పంపారు. కానీ మన గ్రూప్‌లో చంటిపిల్లల తల్లులు ఇంకా ముగ్గురున్నారు. ఆ మెసేజ్ తీసేయండి, ఎందుకు తీసేశారో కూడా ఒక్క మాట రాయండి.