లంకలో సింహం జెండా మీదే ఉంది

దసరా సెలవులు దగ్గర పడుతున్నాయంటే మా విజయవాడ కృష్ణలంకలో అందరి ఫోన్లలోకీ టూర్ మెసేజ్‌లు వచ్చి పడతాయి. ఈసారి తిరుగుతున్నది శ్రీలంక సఫారీ. "చెన్నై నుంచి గంటన్నర లోపే విమానం. యాలా అడవిలో పులి, సింహం, చిరుత ఒకే రోజు చూడొచ్చు. చిరుత గ్యారంటీ. దసరాకైతే మరీ మంచిది. జీపు అద్దెలోనే అన్నీ కలిసి ఉంటాయి. ఏనుగులకు అరటిపళ్లు పట్టుకెళ్లండి." కింద జూలు విరబోసుకున్న ఒక మగ సింహం ఫొటో. మా బాబాయి దీన్ని నాకు మూడుసార్లు పంపాడు. రెండేళ్ల కిందట వెళ్లొచ్చాను కాబట్టి చెబుతున్నా, ఇందులో విమానం మాట ఒక్కటే నిజం.

ముందు ఆ సింహం సంగతి. శ్రీలంక అడవుల్లో సింహం లేదు, పెద్దపులీ లేదు. సింహం వాళ్ల జెండా మీద ఉంది. పులి తమిళ టైగర్లు, అంటే ఎల్‌టీటీఈ వాళ్ల జెండా మీద ఉండేది. సింహళంలో చిరుతను 'కొటియా' అంటారు, ఆ టైగర్లనీ అదే మాటతో పిలిచేవాళ్లు. తికమక అక్కడ పుట్టిందేమో. హంబన్‌తోట వైపు రిదియగమ అని ఒక సఫారీ పార్కు ఉంది. అది జూ శాఖ వాళ్లది, కంచె లోపల వదిలిన సింహాల్ని బండిలో తిప్పి చూపిస్తారు. యాలా అలాంటిది కాదు, 1938 నుంచి నేషనల్ పార్కు. ఫొటో రిదియగమదో ఆఫ్రికాదో నాకు అనవసరం, యాలాది మాత్రం కాదు. ఉప్పలపాడు కొంగల్ని చూపించి నల్లమల అన్నట్టుంది.

జేబుకు చిల్లు పెట్టేది మాత్రం "దసరాకి మరీ మంచిది" అన్న ముక్క. చిరుతల కోసం అందరూ వెళ్లేది యాలాలో బ్లాక్ 1 అనే భాగానికి. ఎండలకు గుంటలన్నీ ఇంకిపోతాయని దాన్ని మామూలుగా సెప్టెంబరు మొదటి నుంచి అక్టోబరు సగం దాకా మూసేస్తారు. మన దసరా సెలవులు చాలా ఏళ్లు సరిగ్గా అందులోనే పడతాయి. అప్పుడు జీపు వాళ్లు ఇంకో గేటు నుంచి పక్క బ్లాకులోకి తీసుకెళ్తారు. అదీ యాలాయే కాబట్టి అబద్ధమని అనలేం. కానీ మీరు డబ్బు కట్టింది దానికి కాదు. అడ్వాన్సు ఇచ్చే ముందు "ఏ బ్లాకు?" అని ఒక్క మాట అడగండి.

అలాగని ఆ రోజుల్లో లంకలో చూసేదేమీ ఉండదని కాదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో మిన్నేరియా చెరువు దగ్గర ఏనుగులు గుంపులు గుంపులుగా చేరతాయి, మంచి ఏడాదైతే రెండు మూడు వందలు. ఎందుకో మన పల్లెల్లో పెరిగినవాళ్లకి చెప్పనక్కర్లేదు. చెరువు వెనక్కి తగ్గేకొద్దీ తడి నేల మీద లేత గడ్డి మొలుస్తుంది, ఊళ్లో గేదెలన్నీ అక్కడే ఉంటాయి. మిన్నేరియాలో గేదెల బదులు ఏనుగులు, అంతే తేడా. ఆ చెరువు తవ్వించింది మహాసేనుడనే రాజు, సుమారు 1,700 ఏళ్ల కిందట. ఈ మధ్య కొన్నేళ్లు పైనుంచి నీళ్లు వదిలి చెరువును నిండుగా ఉంచడంతో గడ్డి నేల మునిగిపోయి గుంపులు తగ్గాయి. ఇక్కడా గ్యారంటీ లేదు మరి.

"చిరుత గ్యారంటీ" అన్నమాట పూర్తిగా గాల్లోంచి రాలేదు. చిరుతలు బాగా దట్టంగా ఉన్న అడవుల్లో యాలా ఒకటి. మన నల్లమలలో చిరుత పెద్దపులికి భయపడి నక్కి బతుకుతుంది. లంకలో దాన్ని బెదిరించే పెద్దపులి లేదు, అందుకే పట్టపగలే బండరాయి మీద పడుకుంటుంది. కానీ కనపడటం దాని ఇష్టం. మా జీపు ఆరింటికి గేటు దాటింది. ఏడున్నరకి డ్రైవరుకి ఫోన్ వచ్చింది, అంతే, సీటు కింద కడ్డీ పట్టుకోకపోతే ఎగిరి బయట పడేవాళ్లం. వెళ్లేసరికి మట్టి రోడ్డు మీద పాతిక జీపులు, సంక్రాంతికి కీసర టోల్‌గేట్ దగ్గరలాగే. ముందు జీపులో ఒకాయన లేచి నిలబడ్డాడు. ఆయన భుజం పక్కనుంచి, ఆకుల సందులో, తోక చివర జానెడు కనిపించింది. మా ఆవిడకి అదీ కనపడలేదు. గ్యారంటీ ఇచ్చినవాడి లెక్కలో మేమిద్దరం చిరుతను చూసినట్టే.

ఖర్చు మాటకొస్తే, జీపు అద్దె వేరు, పార్కు టికెట్టు వేరు. విదేశీయులకు టికెట్టు ధర డాలర్లలో ఉంటుంది, దాని మీద సర్వీసు చార్జి, బండికి రుసుము, పన్ను. ఇక్కడ నాకు ప్యాకేజీ అమ్మిన ఏజెంటు కూడా "అన్నీ కలిపే సార్" అన్నాడు. గేటు దగ్గర మళ్లీ పర్సు తీశాను.

అరటిపళ్ల సలహాకి మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. ఉడవలవె పార్కు పక్కన రోడ్డు వెంబడి కరెంటు కంచె ఉంటుంది. దానికి అవతల ఏనుగులు వరసగా నిలబడి తొండాలు చాస్తాయి. ఆకలితో కాదు, దారినపోయేవాళ్లు పళ్లు పెట్టి పెట్టి అలవాటు చేశారు. యాలాలో గెమును అనే మగ ఏనుగు ఏకంగా జీపుల్లోకి తొండం పెట్టి తిండి వెతకడం నేర్చుకుంది. మనిషి దగ్గర తిండి దొరుకుతుందని తెలిసిన ఏనుగు రేపు దుకాణం మీదికి వెళ్తుంది, పొలంలో దిగుతుంది. ఆ గొడవల్లో అక్కడ ఏటా వందల ఏనుగులు చస్తున్నాయి, మనుషులూ పోతున్నారు.

మా డ్రైవరు ఆ కంచె దగ్గర స్పీడు తగ్గించలేదు. అమ్మ మాత్రం దారిలో కొన్న అరటిపళ్ల అత్తాన్ని ఒళ్లో పెట్టుకుని "పాపం, ఒక్కటి వేయరా" అంటూనే ఉంది. సాయంత్రానికి ఆ పళ్లన్నీ మేమే తిన్నాం.