బానిసలుగా అమ్ముడుపోయారట!

డిసెంబరులో మన తెలుగు సంఘం క్రిస్మస్ లంచ్‌లో మైకు దగ్గర జరిగిన రచ్చ గురించి మళ్ళీ చెప్పక్కర్లేదు, రానివాళ్ళు కూడా వాట్సాప్ గ్రూపులో చదివే ఉంటారు. ఒక పెద్దాయన క్రిస్మస్ సందేశమిస్తూ, కరీబియన్ దీవుల్లో సువార్త చెప్పడానికి మొరేవియన్ అనే ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖకి చెందిన ఇద్దరు మిషనరీలు తమను తామే బానిసలుగా అమ్ముకున్నారని చెప్పారు. "మతం మార్చే బిజినెస్‌కి కథలు కూడానా!" అని వెనక నుంచి మన కార్యవర్గం మెంబరొకరు అరిచారు. హాలంతా నవ్వింది. నాకు గుచ్చుకున్నది ఆ నవ్వే.

ముందు ఆ కథ సంగతి. అది జరగలేదు. కుమ్మరి లియోనార్డ్ డోబర్, వడ్రంగి డేవిడ్ నిచ్‌మన్ 1732 డిసెంబరులో డెన్మార్క్ ఏలుబడిలోని సెయింట్ థామస్ దీవిలో దిగారు. అవసరమైతే బానిసలమైనా అవుతాం అన్నమాట నిజమే గానీ, తెల్లవాళ్ళకి అది కుదరదని కోపెన్‌హాగెన్‌లోనే తేల్చేశారు. సిగ్గుపడాల్సిన భాగం ఆ తర్వాతది. 1738లో ఆ మిషనే బానిసలతో సహా ఒక తోట కొనుక్కుంది, మరుసటేడు వాళ్ళ పెద్ద జిన్‌జెండార్ఫ్ ప్రభువు దీవికొచ్చి, మీ బానిసత్వం దేవుడు పెట్టిందే, దొరల మాట వినండి అని బోధించి వెళ్ళాడు. వెనక నుంచి అరిచినాయనకి కావలసినంత సరుకుంది, చదువుకుని రాలేదంతే.

కానీ ఆ దీవిలోనే రెబెక్కా అనే అమ్మాయి ఉంది. బానిసగా ఉండి విడుదలైన మనిషి, ఇరవయ్యేళ్ళ వయసులో తోటతోటకీ తిరిగి ఆడవాళ్ళకి బోధించింది, జైలుకీ వెళ్ళింది. తోటల యజమానులు ఆ కూటాల మీద పడి కొట్టేవాళ్ళు. 1739లో మరోటా అనే ముసలావిడ పేరున డెన్మార్క్ రాణికి అర్జీ వెళ్ళింది: ఆఫ్రికాలో మా దేవుణ్ణి కొలుచుకున్నాను, ఇక్కడ ప్రభువును కొలవనివ్వడం లేదని. ఆవిణ్ణి ఎవరు ఏ బియ్యం మూటిచ్చి మార్చారంటారు?

మా అమ్మ వచ్చినప్పుడు బెత్లెహెం తీసుకెళ్ళాను, 1741లో ఈ మొరేవియన్లే కట్టిన మన పెన్సిల్వేనియా ఊరు. "శ్మశానానికి షికారేంట్రా" అని సణుగుతూనే లోపలికొచ్చింది. రాళ్ళన్నీ నేలకి బల్లపరుపుగా పరిచి ఉంటాయి, జర్మన్లు, మోహికన్లు, ఆఫ్రికన్లు అంతా కలిసే. "పెద్దోళ్ళవి ఎక్కడున్నాయి?" అంది. వేరే లేవమ్మా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మా ఊరి దళితపల్లెలో పురుళ్ళు పోసే ముసలమ్మ సంగతి ఎత్తింది. "మిమ్మల్నందర్నీ బయటికి లాగింది ఆవిడే. పోతే పాడె మన వీధిలోంచి పోనివ్వలేదురా మీ తాత. చర్చివాళ్ళే వచ్చి చెరువు చుట్టూ తిప్పి మోసుకెళ్ళారు." ఈ ఊరివాళ్ళూ ఒకప్పుడు బానిసల్ని ఉంచుకున్నారని చెప్పాను. "అయితే ఏంటి, మనం మంచోళ్ళమైపోతామా?" అంది.

మన పద్ధతుల్ని తిట్టాలని ఇది రాయడం లేదు. మా తాత ఊరికి బావి తవ్వించిన మనిషి. ఎవరు తోడుకోవచ్చో కూడా ఆయనే చెప్పేవాడు.

ఇప్పుడు క్రిస్మస్ లంచ్ పేరు 'వింటర్ పాట్‌లక్' అని మారుద్దామంటున్నారట. వద్దండీ, దయచేసి. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హేయర్‌ని పంపింది కూడా ఈ పెన్సిల్వేనియాలోని లూథరన్లే. మన క్రైస్తవ కుటుంబాలవాళ్ళని, మీ తాతముత్తాతలు చర్చిలోకి ఎందుకెళ్ళారో, ఎవరు రమ్మన్నారో, ఎవరు తరిమారో ఉగాది సంచికకి రాయమని అడుగుదాం. పేజీలు చాలకపోతే నా కాలమ్ తీసేయండి.