డ్రిల్లు పీరియడ్‌లో లెక్కల సారు

మా వాడి స్కూలు నుంచి ఫిట్‌నెస్ కార్డు వచ్చింది. ఆరో తరగతి, 45 కిలోలు, 140 సెంటీమీటర్లు, బీఎంఐ 23. ఎత్తుకి బరువు ఎక్కువైందని ఆ 23 చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టారు. మా అత్తగారు ఆ సున్నా చూసి, మనవడికి దిష్టి తగిలిందని అర్థం చేసుకుని, ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పడేసి, పిల్లాడు చిక్కిపోయాడంటూ పప్పన్నంలో ఇంకో గరిటె నెయ్యి వేశారు.

నేను మాత్రం స్కూలు పక్షమే. ఎందుకంటే ఇది సైన్సు. కిలోల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించాలని 1830ల్లో కనిపెట్టింది కెట్లే అనే బెల్జియం ఆయన. డాక్టరు కాదు, నక్షత్రాలూ లెక్కలూ చూసుకునే మనిషి. దానికి బీఎంఐ అన్న పేరు 1972లో గానీ రాలేదు. ఒంట్లో ఉన్నది కండా కొవ్వా అన్న సంగతి ఆ లెక్కకి పట్టదు, పిల్లలకైతే వయసునిబట్టి, ఆడా మగా చూసి వేరే చార్టులో పోల్చుకోవాలి. ఆ చార్టు ఏదని అడిగితే పీఈటీ సారు, "అది ఆఫీసు రూములో ఉంటుంది సార్" అన్నారు. ఉండే ఉంటుంది.

విద్యాహక్కు చట్టం ప్రకారం బడికి ఆటస్థలం ఉండాలి. మా దానికి ఉంది. అందులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏడు పసుపు బస్సులు ఆడుకుంటూ ఉంటాయి.

పిల్లలకి రోజుకి కనీసం గంటసేపు ఒళ్లు అలిసే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది కదా, దానికీ ఏర్పాటుంది. పుస్తకాల సంచి పిల్లాడి బరువులో పదో వంతు దాటకూడదని 2020 నాటి కేంద్రం పాలసీ, అంటే మా వాడికి నాలుగున్నర కిలోలు. మొన్న కూరగాయల కొట్లో కాటా మీద పెడితే ఎనిమిది తూగింది. ఆ సంచితో నాలుగో అంతస్తు దాకా మెట్లెక్కుతాడు, లిఫ్టు స్టాఫుకి. జిమ్ముకి నెలకి రెండు వేలు తగలేసే వాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది.

2019లో కేంద్రం ఫిట్ ఇండియా ఉద్యమం మొదలయ్యాక బళ్లలో పరీక్షలు కూడా వచ్చాయి. చిన్న క్లాసులకి ఒంటికాలి మీద నిలబడటం ఒకటి. మా రోజుల్లో హోంవర్కు చేయకపోతే ఇదే చేయించేవారు, అప్పుడు శిక్ష అనుకున్నాం, అజ్ఞానం. రెండో క్లాసు చదివే మా అమ్మాయికి చేత్తో రెండు పళ్లేలని గబగబా తట్టే పరీక్షలో అద్భుతమైన మార్కులొచ్చాయి. ఆ సాధన అంతా నా ఫోన్ మీదే జరిగింది.

తిండి విషయంలోనూ లోటు లేదు. ఏ తిండిలో ఎంత చక్కెర ఉందో చెప్పే షుగర్ బోర్డులు పెట్టండని 2025లో సీబీఎస్ఈ చెప్పగానే మావాళ్లు పెట్టేశారు, సరిగ్గా క్యాంటీన్ పక్కన, పఫ్పూ కూల్‌డ్రింకూ కోసం క్యూలో నిలబడ్డ పిల్లలకి చదువుకోవడానికి వీలుగా. క్యూ పొడుగు కాబట్టి బోర్డు మొత్తం చదివే టైము దొరుకుతుంది.

ఇక డ్రిల్లు పీరియడ్. వారానికి రెండు. రెండూ లెక్కల సారు తీసుకుంటారు, ఐఐటీ ఫౌండేషన్ సిలబస్ వెనకబడిందట. ఇదేమిటని నేను కోప్పడబోయి ఆగిపోయాను, ఎందుకంటే బీఎంఐ అంటేనే భాగహారం కదా, ఆయన కాకపోతే ఎవరు చెప్తారు?

కార్డులో చివరి గడి 600 మీటర్ల పరుగు. మా వాడికి 3 నిమిషాల 27 సెకన్లు. అంత దూరం ఎక్కడ పరిగెత్తావురా, బస్సుల చుట్టూనా అని అడిగాను.

"పరిగెత్తలేదు నాన్నా. సారు అందరికీ మూడు నిమిషాలు వేసుకోమన్నారు. సెకన్లు మాత్రం ఎవరి రోల్ నంబరు వాళ్లది."