రోమ్‌లో ఒక్క రోజు కుటుంబంతో దండగేనా? ఆ ఫార్వర్డ్ మెసేజ్‌కు నా జవాబు

సెలవులకు యూరప్ టూర్లు బుక్ చేసుకునే రోజులు వచ్చాయంటే చాలు, కుటుంబ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ మళ్లీ తిరుగుతుంది. రోమ్‌లో ఒక్క రోజే ఉంటే ఇంటిల్లిపాదితో ఊళ్లోకి దిగడం దండగ అని దాని సారాంశం. అందులో చెప్పే కారణాలు ఇవి. కొలోసియం అనే పాతకాలపు పోరాటాల స్టేడియం అంటే కూలిన గోడలే, పిల్లలకు బోరు. టికెట్లకే జేబు ఖాళీ. శాకాహారులకు తిండి దొరకదు, మంచినీళ్లు కూడా కొనాలి. ఎక్కడ చూసినా జేబుదొంగలు. పెద్దవాళ్లు నడవలేరు, హోటల్లో ఉంచడమే మేలు. అందుకని పైకప్పు లేని టూరిస్టు బస్సెక్కి ఒక రౌండు వేసి వచ్చేయండి అని సలహా.

ఇది చదివి మా బంధువుల్లో ఒకరు అమ్మానాన్నలను తీసుకెళ్లే ఆలోచనే మానేశారు. నాకు బాధ కలిగింది. మేము నాన్నగారితో, పిల్లలతో ఆ ఊరు తిరిగినవాళ్లమే. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

ముందు ఆ బస్సు సంగతి. రోమ్ పాతబస్తీ అంతా ఇరుకు సందులు. పురాతన రోమన్ గుడి పాంథియన్ ముందుకు గానీ, పియాజ్జా నవోనా అనే కూడలి లోపలికి గానీ, ట్రెవీ ఫౌంటెన్ ఎదుటికి గానీ ఆ పెద్ద బస్సు వెళ్లదు. దూరంగా పెద్ద రోడ్డు మీద దింపుతుంది, అక్కడి నుంచి ఎలాగూ నడవాలి. పోనీ దిగకుండా కూర్చుంటే చూసేది ట్రాఫిక్, గోడలు, చెట్లు. పాంథియన్, నవోనా, ట్రెవీ మూడూ ఒకదానికొకటి ఎంత దగ్గరంటే, పాంథియన్ నుంచి నవోనాకు ఐదు నిమిషాల నడక, ట్రెవీకి పది నిమిషాలు. పాంథియన్‌ను లోపలికి వెళ్లి చూడకపోతే చూసినట్టే కాదు. దాదాపు 1,900 ఏళ్ల కిందట హాడ్రియన్ చక్రవర్తి కాలంలో పూర్తయిన ఆ గుమ్మటం అడ్డంగా 43.3 మీటర్లు, నేల నుంచి ఎత్తూ అంతే. ఒక్క ఇనుప చువ్వ లేకుండా కట్టిన కాంక్రీటు గుమ్మటాల్లో ప్రపంచంలో నేటికీ అదే పెద్దది. పైకి పోయేకొద్దీ బరువు తగ్గాలని కాంక్రీటులో తేలికైన అగ్నిపర్వతపు రాయి కలిపారు. నడినెత్తిన దాదాపు 9 మీటర్ల గుండ్రటి రంధ్రం, దానికి అద్దం లేదు, మూత లేదు. వాన పడితే లోపలే పడుతుంది, నేలకున్న చిన్న చిన్న కన్నాల్లోంచి పోతుంది. ఇదంతా బస్సు సీట్లోంచి ఎలా తెలుస్తుంది?

ఒక మాట ఒప్పుకోవాలి. ఒక్క రోజులో రోమ్ అంతా చూడలేం. వాటికన్ మ్యూజియంలను వదిలేయండి. వాటికే సగం రోజు పోతుంది, ఆ జనంలో పిల్లలూ పెద్దలూ అలిసిపోతారు. అన్నీ చూడాలన్న ఆరాటం మానితే ఒక రోజు చక్కగా సరిపోతుంది.

ఇక కొలోసియం బోరు అన్న మాట. ఇది రాసినవాళ్లు పిల్లలతో ఆ గోడ పక్కన నిలబడి ఉండరు. క్రీ.శ. 80లో టైటస్ చక్రవర్తి ప్రారంభించిన ఆ కట్టడానికి 80 ద్వారాలుండేవి. వాటిలో 76కి అంకెలు చెక్కారు. అప్పటి ప్రేక్షకులకు మన సినిమా హాలు టికెట్ మీద ఉన్నట్టే ఏ ద్వారంలో వెళ్లాలో నంబరు ఇచ్చేవారు. 23 నుంచి 54 వరకు ఆ అంకెలు కమానుల మీద ఇప్పటికీ ఉన్నాయి, తలెత్తితే కనిపిస్తాయి. మా అబ్బాయి రోమన్ అంకెలు అప్పుడే స్కూల్లో నేర్చుకున్నాడు. 54వ ద్వారం దగ్గర ఆగి, ఐదుకు ముందు ఒక గీత పెట్టాలి కదా, వీళ్లు వరసగా నాలుగు గీతలు పెట్టారేంటి, తప్పు రాశారా అన్నాడు. రోమన్లు నాలుగును అలాగే రాసుకునేవారని చెప్పగానే వాడికి ఎక్కడలేని హుషారు వచ్చింది, ఇంకెన్ని కనిపిస్తాయో అని గోడ వెంటే నడిచాడు. గోడ నిండా కనిపించే కన్నాల కథ కూడా పిల్లలకు చెప్పండి. రాళ్లను కలిపి పట్టి ఉంచిన ఇనుప బందులను మధ్యయుగాల్లో జనం తవ్వి తీసుకుపోయిన గుర్తులవి. దక్షిణం వైపు గోడ 1349 భూకంపంలో కూలింది, ఆ రాళ్లు ఊళ్లో వేరే కట్టడాలకు వాడుకున్నారు. లోపల పోరాటాలు జరిగిన నేల చాలావరకు లేకపోవడం వల్లే దాని కింద జంతువులను ఉంచిన గదులు, వాటిని పైకి లేపిన నిలువు దారులు కనిపిస్తాయి. కూలిన గోడలే, నిజం. కూలాయి కాబట్టే అది ఎలా పనిచేసేదో కళ్లకు కనిపిస్తుంది.

డబ్బు విషయంలోనే ఈ మెసేజ్ జనాన్ని ఎక్కువ భయపెడుతోంది. లెక్క వేద్దాం. భార్యాభర్తలు, ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు అనుకోండి. కొలోసియం మామూలు టికెట్ 18 యూరోలు, పక్కనే ఉన్న పాత రోమ్ శిథిలాలు రోమన్ ఫోరమ్, పాలటైన్ కొండ అందులోనే కలిసి ఉంటాయి. పాంథియన్‌కు 2023 జులైలో 5 యూరోల టికెట్ పెట్టారు. ఈ రెండింటికీ 18 ఏళ్లలోపు వాళ్లకు టికెట్ ధర లేదు, ఏ దేశం వాళ్లయినా సరే. అంటే ఆ ధరలతో నలుగురు పెద్దలకు 72, 20 కలిపి 92 యూరోలు. లెక్కకు సులువుగా యూరోకు వంద రూపాయలు అనుకుంటే 9,200. ఈ రెండింటికీ ఆరుగురి టికెట్ల ఖర్చు అంతే. వాటికన్‌లోని పెద్ద చర్చి సెయింట్ పీటర్స్ బసిలికాకు టికెట్ లేదు, భద్రతా తనిఖీ క్యూ మాత్రమే. అందులో మైకెలాంజిలో పాతికేళ్లు దాటకముందే చెక్కిన పియెటా ఉంది, ఏసు దేహాన్ని ఒళ్లో పెట్టుకున్న మేరీమాత విగ్రహం అది. నవోనా దగ్గర సాన్ లుయీజీ దెయ్ ఫ్రాంచేజీ చర్చిలో కారవాజ్జో వేసిన మూడు పెద్ద చిత్రాలున్నాయి, వాటికీ పైసా అడగరు.

మరి వేలకు వేలు ఎక్కడ పోతున్నాయి? ఆఖరి నిమిషంలో, క్యూ లేకుండా పంపిస్తామనే మధ్యవర్తుల దగ్గర రెండింతలు, మూడింతలు పెట్టి కొన్నప్పుడు. కొలోసియం సొంత వెబ్‌సైట్‌లో దాదాపు నెల ముందు టికెట్లు పెడతారు, అలా పెట్టిన రోజే కొనుక్కుంటే చాలు. పిల్లలకు కూడా సున్నా టికెట్ బుక్ చేయడం మరవకండి. టికెట్ మీద పేరు ఉంటుంది కాబట్టి పాస్‌పోర్టు వెంట ఉండాలి.

తిండి దొరకదన్నది మరీ అన్యాయం. రోమ్‌లో వీధి వీధికీ పిజ్జాను తూకానికి అమ్మే కొట్లుంటాయి. పొడవాటి రేకుల్లో కాల్చి అద్దం వెనక పెడతారు. ఎంత కావాలో చేత్తో చూపిస్తే కత్తెరతో కత్తిరించి, తూచి, మళ్లీ వేడిచేసి కాగితంలో పెట్టి ఇస్తారు. ఆలుగడ్డది ఉంటుంది, ఉత్త టమాటాది ఉంటుంది. మరినారా అని అడిగితే టమాటా, వెల్లుల్లి, ఒరెగానో మాత్రమే, చీజ్ కూడా ఉండదు. కూర్చుని తినాలంటే అరబ్బియాటా పాస్తా అడగండి, టమాటాలో ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి చేస్తారు, మన నాలుకకు బాగా పడుతుంది. మా నాన్నగారు గిన్నె తుడిచి తిన్నారు.

నిక్కచ్చి శాకాహారులు జాగ్రత్త పడాల్సినవీ ఉన్నాయి, వాటిని ఆ మెసేజ్ చెప్పనే లేదు. పెకొరీనో రొమానో చీజ్‌లో గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన పదార్థంతో పాలు విరగ్గొడతారు. సుప్లీ అనే అన్నపు ఉండలో తరచుగా మాంసం సాస్ ఉంటుంది. ఆర్డర్ ఇచ్చేటప్పుడు ‘సెంత్సా కార్నే, సెంత్సా పేషే’ అనండి, మాంసం, చేప వద్దని అర్థం.

నీళ్లు కొనాలట! రోమ్ వీధుల్లో దాదాపు 2,500 మంచినీటి కొళాయిలున్నాయి. 1870ల నుంచి పెడుతూ వచ్చిన ఇనుప స్తంభాలు, ముక్కులా వంగిన గొట్టం, అందులోంచి చల్లటి నీళ్లు రాత్రింబవళ్లు పారుతూనే ఉంటాయి. గొట్టం చివర వేలితో మూస్తే పైనున్న చిన్న కన్నంలోంచి నీళ్లు చిమ్ముతాయి, వంగి తాగొచ్చు. మా పిల్లలు దాహం లేకపోయినా ప్రతి కొళాయి దగ్గరా ఆగారు. చేతిలో ఖాళీ సీసా ఉంటే చాలు. తాగకూడని చోట ‘నాన్ పొటాబిలే’ అని రాసి ఉంటుంది. ట్రెవీ ఫౌంటెన్‌కు నీళ్లు తెచ్చే కాలువ క్రీ.పూ. 19లో రోమన్ సేనాని అగ్రిప్పా తవ్వించింది. పాంథియన్ ముఖం మీద చెక్కిన పేరూ ఆయనదే, అక్కడి మొదటి కట్టడం ఆయన కట్టించిందే. నీటి కోసం ఇంత చేసిన ఊరిని పట్టుకుని ఈ మాట అనడం నాకు కష్టంగా ఉంది.

జేబుదొంగల మాట నిజమే. టెర్మినీ స్టేషన్లో, మెట్రోలో, వాటికన్ వైపు వెళ్లే 64వ నంబరు బస్సులో జాగ్రత్తగా ఉండాలి. ఫోను వెనక జేబులో వద్దు, పాస్‌పోర్టులు బట్టల లోపల. చేతికి దారం కడతామని, గులాబీ ఇస్తామని వచ్చేవాళ్లకు చెయ్యి ఇవ్వకండి. దానికోసం ఊరే మానుకోనక్కర్లేదు.

అన్నిటికంటే నా మనసు నొప్పించింది పెద్దవాళ్లను హోటల్లో ఉంచమన్న మాట. జీవితమంతా పిల్లల చదువులకూ పెళ్లిళ్లకూ పెట్టి, ఇప్పుడు పాస్‌పోర్టు తీసుకుని అంత దూరం వచ్చినవాళ్లను గదిలో టీవీ ముందు కూర్చోబెట్టాలా? నవోనాలో శిల్పి బెర్నీనీ 1651లో పూర్తి చేసిన ఫౌంటెన్ ఉంది. నాలుగు ఖండాల నదులు నాలుగు విగ్రహాలు: డాన్యూబ్, నైలు, రియో డి లా ప్లాటా, మన గంగ. పొడవాటి తెడ్డు పట్టుకున్న గడ్డం మనిషే గంగ అని చెబితే నాన్నగారు చాలాసేపు చూసి, “గంగమ్మ తల్లికి గడ్డమేమిటమ్మా?” అన్నారు. వాళ్ల సంప్రదాయంలో నదులు మగ దేవతలని చెప్పాను. ఆ నైలు ముఖం మీద గుడ్డ ఎందుకుందని అడిగారు. అది ఎక్కడ పుడుతుందో అప్పటికి యూరప్‌వాళ్లకు తెలియదు మరి. మా అందరిలో ఎక్కువ ప్రశ్నలు అడిగింది ఆయనే.

నడక కష్టమన్నది కొంత నిజం. పాతబస్తీ అంతా నల్లరాతి దిమ్మెలు పరిచిన నేల, చక్రాల కుర్చీ కుదుపుతుంది, చెప్పులు జారతాయి. కాళ్లకు బూట్లు వేయించండి. ఉదయం ఎండ ముదరకముందే కొలోసియం చూడండి, పై అంతస్తుకు లిఫ్ట్ ఉంది. మధ్యాహ్నం గదికి వెళ్లి రెండు గంటలు పడుకోనివ్వండి. సాయంత్రం మీటరు వేసే తెల్ల టాక్సీలో నవోనాకు వచ్చి, అక్కడి నుంచి పాంథియన్, ట్రెవీ నెమ్మదిగా చూడొచ్చు, పాంథియన్ మూసే వేళ మాత్రం ముందే కనుక్కోండి. నవోనాలో రాతి బెంచీలున్నాయి. ఊళ్లో పేరున్న స్పానిష్ మెట్ల మీద మాత్రం కూర్చోనివ్వకండి, 2019 నుంచి జరిమానా వేస్తున్నారు. సెయింట్ పీటర్స్ కూడా కావాలంటే బుధవారం ఉదయం కాకుండా చూసుకోండి, ఆ పూట చాలాసార్లు పోప్ సభ ఉంటుంది. అక్కడ భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలన్న నియమం ఉంది. చీర కట్టుకున్న అమ్మమ్మకు ఏ ఇబ్బందీ లేదు, నిక్కరు వేసుకున్న మనవడికి మాత్రం ఒక ప్యాంటు సంచిలో పెట్టుకోండి.