ప్రశ్నార్థకాలు మీ ఫోన్‌లో పుట్టలేదు

మారతహళ్లి వైపు మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. 'బెంగళూరు టవర్లు కన్నడ, ఇంగ్లీషు మాత్రమే మోస్తాయి. తెలుగు ఎస్సెమ్మెస్‌లో ప్రశ్నార్థకాలు కనిపిస్తే మీ ఫోన్‌లో ఫాంట్ లేనట్టు, ఈ యాప్ వేసుకోండి. 160 అక్షరాల లోపు మెసేజ్‌కి రెండింటి డబ్బు పట్టుకుంటే అది దోపిడీ.' మా సంఘం ఉగాది పిలుపు అందరికీ ప్రశ్నార్థకాలుగానే చేరింది. దాంతో ఇది నిజమే అనుకున్నారు జనం.

టవర్‌కి భాష తెలీదు. ఎస్సెమ్మెస్ అంటే దానికి 140 బైట్ల మూట, అంతే. కన్నడమైనా తెలుగైనా మామూలుగా యూసీఎస్2 అనే ఒకే పద్ధతిలో వెళ్తాయి. కన్నడం వెళ్లిన దారిలో తెలుగుకి అడ్డమేముంటుంది?

అసలు తికమకంతా ఫాంట్ దగ్గరే. ఫాంట్ లేకపోతే సాధారణంగా ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. ప్రశ్నార్థకాలు వేరే కథ: తెలుగు తెలియని పాత ఎన్‌కోడింగ్‌లోకి (అంటే అక్షరాల్ని అంకెలుగా దాచే పద్ధతిలోకి) మార్చబోయి, కుదరక, ఏదో సాఫ్ట్‌వేర్ అక్షరానికొకటి చొప్పున పెట్టినవి. అసలు అక్షరాలు అక్కడే పోయాయి. ఇక ఏ యాప్ తెస్తుంది వాటిని? తలపై గీత ఉన్న ఇంగ్లీషు ఏ, పక్కనే డిగ్రీ గుర్తు పదేపదే వస్తుంటే అది ఇంకో జబ్బు. యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో రాసినదాన్ని, యూరప్ భాషల కోసం చేసిన లాటిన్ ఎన్‌కోడింగ్ అనుకుని చదివారన్నమాట. అక్కడ బైట్లు బతికే ఉంటాయి, తిప్పి చదవొచ్చు.

పరీక్ష సులువు. అదే ఫోన్‌కి స్నేహితుడి చేత తెలుగులో ఎస్సెమ్మెస్ పెట్టించండి. అది సరిగ్గా వస్తే ఫోన్, టవర్ రెండూ నిర్దోషులే. మేమూ అదే చేశాం. బల్క్ మెసేజ్‌లు పంపే కంపెనీవాళ్లు మాత్రం రెండు రోజులు 'మీ ఫోన్ ప్రాబ్లం సార్' అన్నారు. చివరికి చూస్తే వాళ్ల పేజీలో 'యూనికోడ్' (తెలుగుతో సహా అన్ని భాషల అక్షరాలూ పట్టే పద్ధతి) గడిలో టిక్ లేదు! టిక్ పెట్టి మొత్తం మళ్లీ పంపాల్సి వచ్చింది.

డబ్బు సంగతికొస్తే, రేటు మీద పోట్లాడండి, కాదనను. లెక్క మాత్రం దొంగలెక్క కాదు. ఆ 140 బైట్లంటే 1120 బిట్లు. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు, అందుకే 160. తెలుగుకి 16 బిట్లు కావాలి, అందుకే 70. అంతకు మించితే ముక్కలు చేస్తారు. ముక్కల్ని కలిపే సమాచారానికి కొంత చోటు పోయి, ముక్కకి 67 మిగులుతాయి. పైగా గుణింతాలు, వత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి. 'ఉగాది శుభాకాంక్షలు' కంటికి ఎనిమిది అక్షరాలే, మెషీన్‌కి ఖాళీతో కలిపి 18. ఇంగ్లీషు మెసేజ్‌లో ఒక్క రూపాయి గుర్తు పెట్టినా మామూలుగా మెసేజ్ మొత్తం 70 లెక్కలోకి పడిపోతుంది, తెలుసా? అందుకే ఆ గుర్తు బదులు 'Rs.' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే నయం.

ఇక ఆ యాప్. ఎస్సెమ్మెస్‌లన్నీ చదివే పర్మిషన్ అడుగుతోంది. మీ బ్యాంకు ఓటీపీలు వచ్చేదీ అక్కడికే. వేసుకుని ఉంటే ఇవాళే తీసేయండి.