ఇంట్లోనే అరెస్టు

పోలీసు ఉద్యోగంలో అట్టడుగు మెట్టు మీద కాలు పెట్టబోయే మనిషిని కొలిచినంత శ్రద్ధగా దర్జీ కూడా ఎవరినీ కొలవడు. ఎత్తు కొలుస్తారు, బరువు తూస్తారు, చూపు పరీక్షిస్తారు, పరుగెత్తించి ఊపిరి ఎంతవరకు నిలుస్తుందో చూస్తారు, అంతటితో తనివి తీరక అతని గతాన్ని కూడా తవ్వి చూస్తారు. ఇన్ని కొలతల్లో నెగ్గి యూనిఫారం తొడుక్కున్నవాడిని చూసి జనం జంకవచ్చుగాని, ఉద్యోగం కొత్తలో ఆ మనిషి మాత్రం నేరస్థులకంటే తన నడుముకు వేలాడే సామానుకే ఎక్కువ జంకవలసి ఉంటుందని మా మేనల్లుడి పుణ్యమా అని నాకు తెలిసివచ్చింది.

మావాడిది ఏ పనినైనా చదివి చేసే స్వభావం. మనిషి పొద్దున ఉన్నంత పొడవు సాయంత్రం ఉండడని, వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్కులు పగలంతా శరీర భారానికి నీరు కోల్పోయి అణగడం వల్ల ఎత్తు దాదాపు ఒక సెంటీమీటరు తగ్గుతుందని, రాత్రి పడుకుంటే మళ్ళీ పుంజుకుంటుందని ఎక్కడో చదివాడు. అది నిజమే. ఆ నిజాన్ని తలకెక్కించుకుని, కొలతల రోజున మంచం దిగినవాడు దిగినట్టే కారు వెనక సీట్లో మళ్ళీ పడుకుని, మైదానం దాకా పడుకునే ప్రయాణం చేశాడు. తీరా కొలిస్తే కావలసినదానికంటే నాలుగు వేళ్ళు ఎక్కువే తేలాడు. అంత పొడుగూ వృథాగా పోయిందని దారంతా నొచ్చుకున్నాడు, ఈసారి కూర్చుని.

కంటి పరీక్షలో మరో చిక్కు వచ్చింది. రంగుల గుర్తింపును పరీక్షించడానికి జపాన్ నేత్రవైద్యుడు షినోబు ఇషిహారా 1917లో ప్రచురించిన చుక్కల బొమ్మలనే నేటికీ చాలాచోట్ల వాడుతున్నారు. రంగురంగుల చుక్కల మధ్య దాగిన అంకెను చూసి చెప్పాలి. అయితే ఆ బొమ్మల్లో కొన్ని తిరకాసువి ఉంటాయి. వాటిలోని అంకె రంగులు సరిగా తెలియనివారికే కనబడుతుంది, చక్కని చూపు ఉన్నవారికి ఏమీ కనబడదు. అటువంటి బొమ్మ ఒకటి ముందుకు రాగానే మావాడికి చెమటలు పట్టాయి. ఏమీ కనబడలేదని ఒప్పుకోవడం కాబోయే పోలీసుకు శోభిస్తుందా? చాలాసేపు తటపటాయించి, "అనుమానాస్పదంగా ఉందండీ, కాని స్పష్టంగా ఏమీ లేదు" అన్నాడట. డాక్టరుగారు సరైన జవాబని గీత గీసుకుని తరువాతి పేజీ తిప్పారు.

ఇరవై మీటర్ల దూరంలో రెండు గీతల మధ్య, కూత వినబడేలోగా ఇటునుంచి అటు పరుగెత్తే పరీక్షలో కూడా గట్టెక్కాడు. మొదట గంటకు 8.5 కిలోమీటర్ల వేగంతో తీరికగా మొదలై, నిమిషనిమిషానికీ అర కిలోమీటరు చొప్పున వేగం పెంచమని తొందరపెట్టే ఆ కూత అతనికి నెలల తరబడి కలల్లో వినబడింది.

గతాన్ని తవ్వే ఘట్టాన్ని మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాని ఫలితం తరువాత మా మెడకు చుట్టుకుంది. అభ్యర్థి నడవడిని విచారించడానికి వచ్చిన అధికారి ఇరుగుపొరుగు తలుపులు తట్టి, ఈ కుర్రవాడు ఎటువంటివాడు, ఎవరితో తిరుగుతాడు, అప్పులున్నాయా, తగాదాలున్నాయా అని అడుగుతాడు. ఎదురింట్లో ఉండే రిటైరైన మాస్టారు ఆ అవకాశం కోసమే పుట్టినట్టు, అధికారిని కుర్చీలో కూర్చోబెట్టి, మావాడు పాకుతున్ననాటి నుంచి మొదలుపెట్టి నడవడిని వర్ణించారు. కుర్రవాడు బంగారమని రాసి సంతకం పెట్టమన్నా పెడతానని ఆయన పట్టుబట్టగా, అవసరం లేదని చెప్పి తప్పించుకుపోవడానికి అధికారికి గంట పట్టింది. ఆ తరువాత వీధిలో మావాడు ఎదురైనప్పుడల్లా, తన పూచీకత్తు చెక్కుచెదరకుండా ఉన్నదా లేదా అన్నట్టు ఆయన ఎగాదిగా చూసేవారు.

శిక్షణ ముగిసింది. చట్టం నేర్చాడు, కవాతు నేర్చాడు, ప్రథమ చికిత్స నేర్చాడు, ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎలా, ఎందుకు అనే ఆరు ప్రశ్నలకు జవాబు లేకుండా కాగితం మీద కలం పెట్టకూడదని నేర్చాడు. మా నగరంలోనే స్టేషన్లో వేశారు. మరీ పెద్ద నగరమైతే ఎవరికి ఎవరూ తెలియరు, పల్లెటూరైతే అందరికీ అందరూ తెలిసే ఉంటారు కనుక కొత్తగా తెలియవలసినది ఉండదు. మాది మధ్యస్థంగా ఎదిగిన నగరం. సగంమంది మావాడిని ఎరుగుదురు, మిగతా సగంమంది ఎరిగినవాళ్ళను అడిగి తెలుసుకుంటారు.

తొలి డ్యూటీకి ముందురోజు సామాను ఇచ్చారు. అందులో బేడీలు కూడా ఉన్నాయి. వాటి తాళంచెవి మరీ చిన్నది కావడం వల్ల, పోతే జవాబు చెప్పుకోవలసి వస్తుందన్న ముందుచూపుతో దాన్ని స్టేషన్లోని తన లాకరులో భద్రంగా దాచి, బేడీలను మాత్రం సాధన కోసం ఇంటికి తెచ్చుకున్నాడు.

ఇక్కడ బేడీల నిర్మాణం గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. చేతి లావును బట్టి బిగుసుకునే పళ్ళ బేడీలకు 1862లోనే అమెరికాలో పేటెంటు పుట్టింది. వంపు తిరిగిన కమ్మీకి వరుసగా పళ్ళుంటాయి. లోపలి కొక్కెం ఆ పళ్ళను ఒకవైపే జారనిస్తుంది, వెనక్కి రానివ్వదు. అంటే బిగించడానికి తాళంచెవి అక్కరలేదు, వదిలించడానికే కావాలి. చేతులు కదిలినప్పుడు బేడీ అదేపనిగా బిగుసుకోకుండా రెండో తాళం ఒకటి ఏర్పాటు చేశారు. చాలా రకాలలో దాన్ని వేయడానికి తాళంచెవి చివరనున్న చిన్న మొనతో ఒక నొక్కు నొక్కాలి. తాళంచెవి లాకరులో ఉంటే ఆ నొక్కు నొక్కేదెవరు?

సాయంత్రం మా చెల్లెలు ఫోన్ చేసి, "అన్నయ్యా, నువ్వొకసారి రా, వీడు గదిలోంచి బయటికి రావడం లేదు" అంది. వెళ్ళేసరికి మావాడు ఇస్త్రీ నలగని కొత్త యూనిఫారంలో, నిలువుటద్దం ముందు, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిటారుగా నిలబడి ఉన్నాడు. చూడముచ్చటగా ఉంది. స్టాండ్ ఎటీజ్ సాధన చేస్తున్నాడనుకుని నేను మెచ్చుకోబోయాను.

"మెచ్చుకోవద్దు మామయ్యా, వెనక్కి వచ్చి చూడు" అన్నాడు.

చూశాను. శిక్షణలో చెప్పినది చెప్పినట్టుగా, చేతులు వీపు వెనక, అరచేతులు బయటివైపుకు, తాళం రంధ్రాలు వేళ్ళకు అందని దిక్కుకు తిరిగి ఉన్నాయి. ఖైదీ తనంతట తాను విప్పుకోకుండా ఉండడానికి ఏమేమి జాగ్రత్తలు తీసుకోవాలో అవన్నీ తన మీద తానే తీసుకున్నాడు. అద్దంలో చూసుకుంటూ చేయడం వల్ల ఏది కుడో ఏది ఎడమో తేలక ఆలస్యమైందట, లేకపోతే ఇంకా ముందే ముగిసేదట. నేను పరిశీలనగా తాకేసరికి కిర్రుమని ఒక పన్ను ముందుకు జరిగింది. "ముట్టుకోకు మామయ్యా, అది ఒకటే దిక్కుకు పోతుంది" అని అరిచాడు.

మా చెల్లెలు తలపిన్ను తెచ్చింది. తలపిన్నుతో ఎటువంటి తాళమైనా వచ్చేస్తుందని మనకు చిన్నప్పటి నుంచి ఒక నమ్మకం. ఆ నమ్మకం మీద కాసేపు కుస్తీ పట్టగా తలపిన్ను వంకరైంది, బేడీ మరో పన్ను బిగిసింది. ఇంతలో చొక్కా జేబులో ఫోను మోగింది. మర్నాటి హాజరు వేళ గుర్తు చేయడానికి స్టేషన్ నుంచి హెడ్డుగారు. ఫోను తీసి మావాడి చెవి దగ్గర పట్టుకున్నాను. "యస్ సర్" అంటూ అలవాటు కొద్దీ అటెన్షన్‌లోకి రాబోయి చేతులను పక్కలకు లాగాడు. రెండు వైపులా రెండు పళ్ళు కిర్రుమన్నాయి. ఆ చప్పుడేమిటని అవతలి నుంచి అడిగారు కాబోలు, "తలుపు సర్" అన్నాడు. అప్పుడే నిజం చెప్పి ఉంటే పోయేది.

మామూలుగా వాడే బేడీలలో ఎక్కువభాగం ఒకే నమూనా తాళంచెవికి తెరుచుకుంటాయి. పట్టుకునేవాడొకడు, విప్పేవాడు మరొకడు అయ్యే ఉద్యోగంలో అలా ఉండడమే సౌకర్యం. కాబట్టి ఏ పోలీసు దొరికినా సమస్య తీరుతుంది. అత్యవసర నంబరుకు ఫోన్ చేద్దామంది మా చెల్లెలు. అక్కడ మాట్లాడినదంతా రికార్డవుతుందని, అది శాశ్వతంగా ఉంటుందని మావాడు ససేమిరా అన్నాడు. నాలుగు వీధుల అవతలే స్టేషన్, నడిచిపోదామన్నాడు. కారులో కూర్చుంటే చేతులు వీపుకీ సీటుకీ మధ్య నలిగి మళ్ళీ బిగుస్తాయి. యూనిఫారం విప్పుదామంటే చొక్కా చేతుల్లోంచి వచ్చే దారి లేదు. చివరికి మణికట్ల మీద తువ్వాలు కప్పాము. ఆలోచన నాదే గాని, వార్తల్లో అరెస్టయినవాళ్ళను సరిగ్గా ఇలాగే నడిపిస్తారన్న సంగతి వీధిలోకి వచ్చాకగాని తట్టలేదు.

యూనిఫారంలో ఉన్న పోలీసును మోచేయి పట్టుకుని మామూలు బట్టల్లో ఉన్న మనిషి నడిపించుకుపోతుంటే, చూసేవాళ్ళకు ఆ మనిషి ఎంత పెద్ద అధికారిగా తోస్తాడో నాకు ఆ సాయంత్రం అనుభవమైంది. దారి వదిలారు. ఒకాయన నాకు నమస్కారం కూడా పెట్టాడు. ఎదురింటి మాస్టారు గేటు దగ్గరే ఉన్నారు. మావాడి వంక, తువ్వాలు వంక, నా వంక చూసి గేటు పట్టుకుని, "నేను ఆనాడు నాకు తెలిసినంతవరకే చెప్పానండీ, సంతకం మాత్రం పెట్టలేదు" అన్నారు.

అది విని మావాడు బాగా కుంగిపోయాడు. ఈసారి డిస్కుల తప్పేమీ లేదు. ఓదార్చడానికి చరిత్రలోంచి ఒకటి తీశాను. 1829లో లండన్ మెట్రోపాలిటన్ పోలీసు వ్యవస్థ మొదలైనప్పుడు ఒకటో నంబరు వారంటు, అంటే నియామక పత్రం, పొందిన కానిస్టేబుల్ విలియం అట్కిన్సన్, తాగి ఉన్నందుకు కొన్ని గంటల్లోనే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. "అతనితో పోలిస్తే నీకింకా డ్యూటీయే మొదలు కాలేదు కదా" అన్నాను. ఓదార్పులో ఏదో లోపమున్నట్టుంది, మావాడు మాట్లాడలేదు.

స్టేషన్ ముందు సెంట్రీ తువ్వాలు చూసి, అలవాటు ప్రకారం నన్ను అడిగాడు, "ఏ కేసండీ?" లోపల రాసుకునే ఆయన తలెత్తకుండా, పట్టుకొచ్చినవారి పేరు చెప్పమన్నాడు. చెప్పాను. పట్టుబడినవాడి పేరు అడిగాడు. మావాడు చెప్పాడు. అదే పేరు మర్నాటి డ్యూటీ పట్టికలో తన చేతులతోనే రాసినట్టు గుర్తొచ్చి అప్పుడు తలెత్తాడు.

హెడ్డుగారు వచ్చారు. వెంటనే తాళం తీయలేదు. మావాడి చుట్టూ ఒకసారి తిరిగి, వంగి, మణికట్టుకూ ఇనుముకూ మధ్య చిటికెన వేలు దూర్చడానికి ప్రయత్నించి, దూరకపోవడంతో పెదవి విరిచారు. అరచేతులు ఎటున్నాయో చూశారు, రంధ్రాలు ఎటున్నాయో చూశారు. కొత్తవాళ్ళను పిలిచి, బిగువు సంగతి పక్కన పెడితే మిగతాదంతా ఇలాగే ఉండాలని చూపించారు. ఆ తరువాతే జేబులోంచి తన తాళంచెవి తీసి, రెండు చిటికెల్లో రెండు చేతులూ విడిపించారు.

"తలుపు బాగా కిర్రుమంటోంది, నూనె వేయించు" అన్నారు.

ప్రభుత్వ సామాను ఇంట్లో వాడకానికి వచ్చింది కనుక రిపోర్టు రాయక తప్పదన్నారు. మణికట్లు రుద్దుకుంటూ మావాడు రాయడానికి కూర్చున్నాడు. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ అన్నవాటికి గబగబా జవాబులొచ్చాయి. ఎలా అన్నదానికి పేజీన్నర పట్టింది. సదరు వ్యక్తి సదరు బేడీలను సదరు వ్యక్తికే తొడిగెనని, ఆ సమయంలో సదరు వ్యక్తి ఎటువంటి ప్రతిఘటనా చేయలేదని, పారిపోవుటకు ప్రయత్నించలేదని రాశాడు. హెడ్డుగారు కళ్ళజోడు సవరించుకుని ఆసాంతం చదివి, ఎందుకు అన్న ఆరో ప్రశ్నకు జవాబు ఖాళీగా ఉందని కాగితం వెనక్కి ఇచ్చారు.