పన్నెండు దాటితే సాసేజీ తినరాదు

జర్మనీ యూనివర్సిటీలో సీటొచ్చిందని సూట్‌కేసులో ఆవకాయ సర్దుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఓ సీనియర్‌గా నా హెచ్చరిక. ఇక్కడ తిండి నాలుకకు సంబంధించింది కాదు, శాంతిభద్రతలకు సంబంధించింది.

మ్యూనిక్‌లో వైస్‌వుర్స్ట్ ఉంది. దూడమాంసంతో చేసే తెల్ల సాసేజీ. మధ్యాహ్నం పన్నెండు కొట్టే చర్చి గంట దాని చెవిన పడకూడదట! ఫ్రిజ్‌లు లేని రోజుల్లో పొద్దున చేసింది మధ్యాహ్నానికి పాడయ్యేది మరి. ఫ్రిజ్‌లొచ్చినా ఆనవాయితీ కదల్లేదు. గ్రహణానికి పచ్చడి జాడీ మీద దర్భ వేసే నానమ్మను వెక్కిరించిన నేను, ఇక్కడ గడియారం చూసుకుంటూ సాసేజీ తోలు వలిచి, తీపి ఆవముద్దలో అద్దుకు తిన్నాను. ఆవపిండిలో పంచదార! నానమ్మ ఉసురే.

తెల్ల ఆస్పరాగస్ అనే కాడల కూరకైతే ఏకంగా ముహూర్తం ఉంది. వసంతంలో ఊరంతా దానికోసం పూనకమొచ్చినట్టు ఊగుతుంది. జూన్ 24తో కోత బంద్, మొక్క మళ్లీ పుంజుకోవాలి కదా. రుచంటారా, వేడినీళ్లు కాస్త గడ్డకట్టినట్టుంటుంది.

కరీవుర్స్ట్ పేరు చూసి మురిసిపోకండి. 1949లో బెర్లిన్‌లో హెర్టా హోయ్‌వెర్ అనే ఆవిడ సాసేజీ మీద టమాటా సాసు, కర్రీ పొడి వేసి అమ్మడం మొదలెట్టింది. మన కూరతో దానిది బీరకాయ పీచు చుట్టరికం.

యూనివర్సిటీ క్యాంటీన్‌ను మెన్సా అంటారు. నా మొదటిరోజు అక్కడ పాలల్లో ఉడికిన అన్నం మీద పంచదార, దాల్చినచెక్క పొడి చల్లి ఇచ్చారు. పాయసం బాగుంది, అన్నం ఎప్పుడొస్తుందా అని ట్రే ముందు పెట్టుకుని పావుగంట కూర్చున్నా. అదే భోజనమట.

రాత్రికి ఆబెండ్‌బ్రోట్, అంటే సాయంత్రపు రొట్టె. చల్లటి బ్రెడ్డు, చీజు, ఊరేసిన దోసకాయ. పొయ్యి వెలగదు. మన దగ్గర పొయ్యి వెలగని ఇంటికి చుట్టుపక్కలవాళ్లు పరామర్శకొస్తారు.

ఇక సావర్‌క్రౌట్. క్యాబేజీ సన్నగా తరిగి, ఉప్పేసి పులియబెట్టి, అసలు పని మొదలవ్వాల్సిన చోట ఆపేస్తారు. మిగతాది నేను పూర్తిచేశాను. హాస్టల్ వంటగదిలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువతో తిరగమోత. ఆవాలు చిటపటలాడాయో లేదో పొగ అలారం కూత పెట్టింది. పక్కగది జర్మన్ కుర్రాడు పరుగెత్తుకొచ్చి, ఓ చేత్తో తువ్వాలు విసురుతూ రెండో చేత్తో గిన్నెలోంచి రెండు చెంచాలు తిన్నాడు. కళ్లనీళ్లు తుడుచుకుని, పరమ గంభీరంగా అడిగాడు:

"దీన్ని ఎన్నింటిలోపు తినాలి?"